గోతం సంచిలోని గార్డు

షాపు సందేహాలు: ఈ నెల జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు తీసుకున్నాను, మూడూ బ్లేడు గార్డు, అంటే తిరిగే రంపం బ్లేడుకు అడ్డుగా ఉండే మూత, చుట్టూ తిరిగేవే. మొదటిదానికి జవాబు బాగా పొడుగైంది. మధ్యలో కొలతలున్నాయి, పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదవండి.

ప్రశ్న: అన్నా, మాది కడప. మా నాయన పెట్టిన షాపు, తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. రెండేండ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో రంపం బల్ల కొన్నాం. 12 ఇంచుల బ్లేడు, రెండు హెచ్‌పీ మోటారు. గార్డును గోతం సంచిలో వేసి ఇచ్చినారు, అట్లే మూలన పడేసినాం. పోయిన నెల మాకు తెలిసిన షాపులో ఒకాయన బొటనవేలు పోయింది. భయమేసి గార్డు తీసి బిగించినా. అప్పటి నుంచి చెక్క సగం పోయి ఇరుక్కుంటోంది, మోటారు మూలుగుతోంది, కోత అంచున కాలిన మచ్చలు పడుతున్నాయి. గీత కనపడదు, తీసి పారెయ్ రా, నలభై ఏండ్లు నేను గార్డు లేకుండానే కోసినా అంటాడు నాయన. తీసేయాల్నా, ఉంచాల్నా? ఉంచితే ఎట్ల సెట్ చేయాల్నో వివరంగా చెప్పండి.

జవాబు: తమ్ముడూ, గార్డు ఉంచు. కానీ ఇప్పుడు బిగించిన తీరులో మాత్రం ఇంకొక్క చెక్క కూడా కోయొద్దు. నువ్వు రాసిన మూడు లక్షణాలూ పైన ఉన్న మూత వల్ల వచ్చేవి కావు, ఆ మూతను మోస్తూ బ్లేడు వెనకాల నిలబడి ఉండే ఇనుప రేకు వల్ల వచ్చేవి. ఆ రేకు పేరు రివింగ్ నైఫ్, నేను ఇక్కడ వెనక రేకు అనే రాస్తాను. నీ బల్ల మీద ఆ రేకు బ్లేడుకు సూటిగా లేదు, లేదా నువ్వు వాడే బ్లేడుకు అది మరీ మందం. రెండూ కూడా కావచ్చు.

అసలు అది అక్కడ ఎందుకుందో ముందు చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని గార్డు నిలబెట్టే స్టాండు అనుకుని, గార్డు తీసేటప్పుడు దాన్నీ కలిపి పీకేస్తారు. చెక్కలో కోత పడ్డాక రెండు ముక్కలూ మళ్లీ దగ్గరకు జరగాలని చూస్తాయి. మన దగ్గర వేప ఎక్కువ, అదీ సరిగా ఆరనిది కోస్తుంటే వెనకాల చీలిక మూసుకుపోవడం నువ్వే చూసుంటావు. అట్లా మూసుకున్న చెక్క బ్లేడును వెనక నుంచి పట్టుకుంటుంది. బ్లేడు ముందు భాగంలో పళ్లు కిందికి దిగుతాయి, చెక్కను బల్లకేసి అదుముతాయి, దాంతో ఇబ్బంది లేదు. వెనక భాగంలో అవే పళ్లు పైకి లేస్తాయి, పట్టుకున్న చెక్కను ఎత్తి నిలబడ్డవాడి మీదికి విసురుతాయి. చెక్క తన్నింది అంటామే, అదే ఇది. ఎంత వేగంతో తంతుందో లెక్క కట్టుకో. 12 ఇంచుల బ్లేడు అంటే 305 మిల్లీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 96 సెంటీమీటర్లు. మోటారు నిమిషానికి 2880 చుట్లు తిరిగి, పుల్లీలు రెండూ ఒకే సైజువైతే, పన్ను చివర వేగం గంటకు 165 కిలోమీటర్లు. హైవే మీద ఆ వేగంతో పోయే కారు ఎక్కమంటే ఎక్కం గానీ, దాని ముందర మాత్రం రోజూ పొద్దస్తమానం నిలబడతాం. చీలిక మూసుకోకుండా మధ్యలో నిలబడి ఆపేది ఈ వెనక రేకే.

నా సంగతి ఒకటి చెప్తాను. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు మా షాపు కూడా మునిగింది. బురద కడిగి, మోటారు విప్పి ఆరబెట్టి మళ్లీ ఎక్కించాం గానీ, గార్డు బోల్టులు తుప్పుకు బిగుసుకుపోయాయి, ఎటూ తిరగలేదు. ఊళ్లో సగం ఇళ్లకు తలుపులు ఉబ్బి ఉన్నాయి, పని మీద పని. తర్వాత చూద్దాంలే అని బోల్టులు కోసేసి గార్డునూ రేకునూ కలిపి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత అన్నది రానే లేదు. మూడో వారం ఒక వేప రీపరు తన్ని పొత్తికడుపులో తగిలింది. తోలు చీలలేదు, అదొక్కటే అదృష్టం. నెల రోజులు నల్లగా కమిలి, దగ్గితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఆ రోజు నా వేళ్లు బ్లేడుకు రెండడుగుల దూరంలో ఉన్నాయి, కాబట్టి చెయ్యి జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు అనే మాట నేను నమ్మను.

ఇక నీ రేకు సంగతికి వద్దాం. ముందు కరెంటు. స్విచ్ ఆపడం కాదు, మెయిన్ ఆపి ఫ్యూజు క్యారియర్ పీకి జేబులో వేసుకో, పని అయ్యేదాకా జేబులోంచి తీయొద్దు. షాపులో ఎవరో ఒకరు లైటు కోసం మెయిన్ వేస్తారు, వాళ్లది తప్పు కూడా కాదు.

తర్వాత బ్లేడు మీద రాసింది చదువు. 3.2/2.2 అని ఉంటే మొదటిది కోత వెడల్పు, అంటే పన్ను మందం, రెండోది బ్లేడు ఒంటి మందం. వెనక రేకు ఈ రెండింటికీ మధ్యలో ఉండాలి: ఒంటి కన్నా కాస్త మందం, కోత కన్నా కాస్త సన్నం. 3.2/2.2 బ్లేడుకు 12 గేజ్ రేకు సరిగ్గా సరిపోతుంది, అది 2.6 మిల్లీమీటర్లు. 10 గేజ్ అంటే 3.25, కోత కన్నా లావు, చెక్క పోనే పోదు. నా అనుమానం ఏమిటంటే, మెషిన్‌తో వచ్చిన గార్డు పాత మందం బ్లేడు కోసం చేసింది, నువ్వేమో చెక్క తక్కువ పోతుందని, మోటారుకు తేలికని ఈమధ్య దొరికే సన్న బ్లేడు వేశావు. మందం కొలిచే వెర్నియర్ లేకపోయినా తెలుసుకోవచ్చు. అదే బ్లేడుతో ఇదివరకు సగం కోసి వదిలేసిన చెక్క ముక్క ఏదైనా వెతుకు, దాని చీలికను చేత్తో పట్టుకుని వెనక రేకు మీదికి దించు. కొంచెం వదులుగా, గీసుకోకుండా దిగితే మందం సరిపోయినట్టే. సుత్తి కావాలనిపిస్తే రేకు మార్చు. మెషిన్ చేసినవాళ్ల దగ్గర సరైనది దొరికితే అదే కొను, దొరక్కపోతే లేత్ షాపులో చేయించు. బ్లేడు వంపును కాగితం మీద గీసి ఇవ్వు, రేకు ముందు అంచు ఆ వంపులోనే ఉండాలి, అంచులు ఆకురాయితో కొంచెం గుండ్రం చేయమను.

మందం సరిపోయాక సూటి చూడాలి. ఇక్కడ తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది, కాబట్టి వరస తప్పొద్దు. మొదట గైడు, అంటే చెక్కను ఆనించి తోసే పక్క పట్టీ. బ్లేడు మీద ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టు, అది ముందున్నప్పుడు గైడు నుంచి దానికి ఎంత దూరమో కొలువు, చేత్తో బ్లేడు తిప్పి అదే పన్నును వెనక్కి తీసుకుపోయి మళ్లీ కొలువు. రెండు కొలతలూ ఒకటే ఉండాలి. వెనకవైపు వెంట్రుకవాసి ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు, ఉంటే గైడే చెక్కను బ్లేడుకేసి నొక్కుతుంది. కాలిన మచ్చలకు సగం కారణం ఇక్కడే బయటపడుతుంది. అది సరిచేశాక అల్యూమినియం స్కేలు ఒకటి తీసుకుని, పళ్లకు తగలకుండా రెండు పళ్ల సందులోంచి బ్లేడు ఒంటికి ఆనించి వెనక రేకు దాకా పెట్టు, రెండు పక్కలా చూడు. రేకు బ్లేడు ఒంటి కన్నా రెండు వైపులా సమానంగా, కొంచెమే బయటికి రావాలి. ఒక పక్కే పొడుచుకొస్తే బ్రాకెట్ కింద వాషరు వేసో తీసో జరుపు. వాషరు ఎక్కువైపోయిందనుకుంటే కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా కోసి ముక్క పెట్టు, అది పదో వంతు మిల్లీమీటరు మందం ఉంటుంది, అంతకన్నా మంచి ప్యాకింగ్ డబ్బు పెట్టినా దొరకదు. చివరికి మూలమట్టం పెట్టి రేకు బల్లకు నిటారుగా ఉందో లేదో చూడు. కింద సూటిగా ఉండి పైన వాలితే సన్న పలకలు సాఫీగా పోతాయి గానీ, మందం దుంగ ఇరుక్కుంటుంది.

బ్లేడు పళ్లకూ రేకుకూ మధ్య సందు 3 నుంచి 8 మిల్లీమీటర్ల లోపల, పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉండాలి. పెన్సిల్ దాదాపు 7 మిల్లీమీటర్ల లావు, అది దూరాలి, నీ చూపుడువేలు దూరకూడదు. ఇంకొకటి, బ్లేడు ఎత్తు మార్చినప్పుడు రేకు కూడా దాంతోపాటే లేచి దిగాలి. కొన్ని పాత బల్లల్లో బ్లేడు కదలదు, బల్లే లేస్తుంది, దిగుతుంది. అలాంటి దానికి రేకును బల్లకు బోల్టు చేస్తే ఎత్తు మార్చిన ప్రతిసారీ సందు మారిపోతుంది, ఫ్రేముకు బిగించాలి.

పైమూత దగ్గరకొస్తే ఇంత కష్టం లేదు. బ్లేడు ఎత్తు ఎంతంటే, పళ్ల మధ్య లోయ చెక్క పైఅంచును దాటితే చాలు, మహా అయితే ఒక పన్నంత. మూత ముందు కొస చెక్క మీద ఆనీ ఆనకుండా ఉండాలి, అర సెంటీమీటరు ఎత్తు చాలు. సగం షాపుల్లో మూత ఉంటుంది గానీ బ్లేడు మీద గొడుగులాగా జానెడు ఎత్తులో వేలాడుతుంటుంది, కింద అరచెయ్యి మొత్తం పడుతుంది, అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మీది ఇనుప రేకు మూత అయితే మీ నాయన అన్నది నిజమే, ఏమీ కనపడదు. పాలీకార్బొనేట్ షీటుతో చేయించు, యాక్రిలిక్ వద్దు, దెబ్బ తగిలితే పగిలి పెంకులవుతుంది. అట్లాగే పాలీకార్బొనేట్‌ను థిన్నరుతో తుడవద్దు. పాలిష్ పనివాళ్ల చేతిలో థిన్నరు గుడ్డ ఎప్పుడూ ఉంటుంది, కనపడ్డదల్లా తుడిచేస్తారు, షీటు మసకబారి సన్న పగుళ్లు పడుతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

గీత విషయం. పొడుగు కోతకు గీత చూస్తూ కోయనక్కర్లేదు, వెడల్పును గైడు నిర్ణయిస్తుంది. కళ్లు ఉండాల్సింది చెక్క గైడుకు ఆని పోతోందా లేదా అన్న చోట. అయినా నాయనకు తృప్తి కావాలంటే, గార్డుకు ముందర బల్ల మీద బ్లేడు రెండు అంచులకు సూటిగా రెండు గీతలు సూదితో గీసి ఎర్ర రంగు పెట్టు. చెక్క మీది గీత ఆ రెండింటి మధ్య ఎక్కడ పోతోందో చూసుకుంటాడు, మూత కిందికి వంగి చూడాల్సిన పని ఉండదు. నలభై ఏండ్లు గార్డు లేకుండా కోశాను అనేవాళ్లను నేనూ చాలామందిని చూశాను, గౌరవంగానే చెప్తున్నా, వాళ్లలో ఎక్కువమంది కోసింది వేరే చెక్క, వేరే వేగం, చేతి రంపంతో మొదలుపెట్టినవాళ్లు. ఇది కంపెనీలవాళ్లు కొత్తగా అంటగట్టిన సామాను కూడా కాదు, తిరిగే భాగాలకు అడ్డు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే రాశారు. మీ షాపుకు ఇన్‌స్పెక్టరు వస్తాడని చెప్పట్లేదు, ఈ రూలు మీ నాయన షాపు కన్నా పాతది అంటున్నా.

అన్నీ బిగించాక ఫ్యూజు పెట్టకముందే బ్లేడును చేత్తో నాలుగైదు చుట్లు నిదానంగా తిప్పు. ఎక్కడ గీసుకున్నా చెవికి తెలుస్తుంది. తర్వాత ఫ్యూజు పెట్టి, బ్లేడు వరసలో కాకుండా పక్కకు నిలబడి చెక్క లేకుండా ఒక నిమిషం తిప్పు, ఆపు, బోల్టులు మళ్లీ చూడు. వణుకుకు మొదటి నిమిషంలోనే వదులయ్యేవి వదులవుతాయి. అప్పుడు రెండడుగుల పనికిరాని ముక్క కోయి. రేకు ఒక పక్కే మెరుపు గీతలు పడితే అటు పక్క ఇంకా పొడుచుకొని ఉన్నట్టు, వాషరు ఇంకొంచెం జరుపు. రెండో మూడో సారికి కుదురుతుంది, నాకైతే నాలుగుసార్లు పట్టింది.

చెక్క చివరి అడుగు మిగిలినప్పుడు చేత్తో తోయొద్దు, తోసే కర్ర వాడు. చివర కాకి ముక్కులాగా గంటు కొట్టిన అడుగున్నర కర్ర, నీ దగ్గర పడి ఉండే ముక్కల్లోంచే చేసుకోవచ్చు. గైడు పక్కనే మేకుకు వేలాడదీయి, వెతుక్కునే చోట పెడితే ఎవరూ వాడరు. చేతికి గ్లవుజులు వేసుకోవద్దు, పన్నుకు తగులుకుంటే గ్లవుజుతో పాటు చెయ్యీ పోతుంది. భుజం మీద తువ్వాలు, మణికట్టుకు దేవుడి దారాలు, ఉంగరం, ఇవన్నీ అదే లెక్క.

గాడి కొట్టేటప్పుడు పైమూత తీయక తప్పదు, అప్పుడు కూడా వెనక రేకు ఉంచు, బ్లేడు పైకొస కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దించి. పని అవ్వగానే మూత మళ్లీ ఎక్కించాలి. అందుకే మామూలు నట్లు తీసేసి, చేత్తో తిప్పే రెక్కల నట్లు పెట్టించు. స్పానర్ వెతకాల్సి వస్తే మూత మళ్లీ గోతం సంచిలోకే పోతుంది.

ప్రశ్న: సార్, అనంతపురంలో ఇంటీరియర్ పనులు చేస్తాను, ప్లైవుడ్ ఎక్కువ. నా హ్యాండ్ సర్కులర్ సా కింది గార్డు చెక్కలోకి దిగేటప్పుడు అంచుకు తట్టుకుంటోంది, అందుకని తీగతో పైకి కట్టేశాను. పని బాగా సాగుతోంది. దీనివల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బంది ఎప్పుడొస్తుందో చెప్తాను. కోత అయిపోయి ట్రిగ్గర్ వదిలాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ సెకన్లలోనే మెషిన్‌ను నేల మీద పెడతారు, లేకపోతే తొడ పక్కకు దించుతారు. కింది గార్డు ఉన్నది ఆ కాసేపటి కోసమే. తీగ కట్టిన మెషిన్‌ను నేల మీద పెడితే తిరిగే పళ్ల మీద అది నడుచుకుంటూ వస్తుంది, వచ్చేది కాళ్ల దగ్గరికే.

తీగ ఈరోజే కోసేయండి. గార్డు తట్టుకోవడానికి కారణం చాలాసార్లు మురికే. ప్లైవుడ్ జిగురు, పొట్టు కలిసి లోపల గార్డు తిరిగే చోట గట్టిగా పేరుకుపోతాయి. ప్లగ్ పీకి, బ్లేడు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో గీకి శుభ్రం చేయండి. నూనె పోయొద్దు, పొట్టు మళ్లీ దానికే అంటుకుంటుంది. తర్వాత లివరుతో గార్డును పూర్తిగా పైకి లాగి వదలండి, టక్కుమని దానంతట అది మూసుకోవాలి. సోమరిగా దిగితే స్ప్రింగు మార్పించండి. గార్డు అంచు వంగి ఉంటే సరిచేయించండి. ఇంత చేసినా సన్న ముక్కలు కోసేటప్పుడు తట్టుకుంటే, కోత మొదట్లో ఒక్క సెకను లివరుతో ఎత్తి, బ్లేడు చెక్కలోకి దిగగానే వదిలేయండి, లివరు ఇచ్చిందే అందుకు. బ్లేడు లోతు ప్లైవుడ్ మందం కన్నా ఒక పన్నంతే ఎక్కువ పెట్టండి. 18 మిల్లీమీటర్ల షీటుకు బ్లేడు పూర్తిగా దించి కోసేవాళ్లను చూస్తుంటాను, కింద ఏముందో ఎవరికి తెలుసు, కొన్నిసార్లు వాళ్ల మోకాలే ఉంటుంది.

ప్రశ్న: అయ్యా, మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. మా ఆయన ఇంటి ముందర రేకుల షెడ్డులో కోత మెషిన్ పెట్టుకున్నాడు. గార్డు ఉంది, వాడతాడు. నా భయం వేరే. కరెంటు పోతే మెషిన్ స్విచ్ ఆపకుండా టీకి పోతాడు. మొన్న కరెంటు వచ్చి బ్లేడు దానంతట అదే తిరిగింది, మా నాలుగేళ్ల బాబు షెడ్డులోనే ఆడుకుంటున్నాడు. ఇంకొకటి, దేవుడి దయవల్ల జరగకూడదు గానీ, వేలు తెగితే ఆసుపత్రికి పోయేలోపు ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ భయం సరైనదే, దీనికి గార్డు ఒక్కటే సరిపోదు. మామూలు స్విచ్ తీయించి డీఓఎల్ స్టార్టర్ పెట్టించండి, పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే డబ్బా. దాని లోపల కాయిల్ ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపే అది పట్టుకుని ఉంటుంది, కరెంటు పోగానే వదిలేస్తుంది. మళ్లీ వచ్చినా మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు తిరగదు. సింగిల్ ఫేజ్‌కూ, త్రీ ఫేజ్‌కూ వేరువేరుగా దొరుకుతాయి, మోటారు హెచ్‌పీ చెప్పి తీసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. మన పల్లెల్లో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెడతారు, అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు తనంతట తనే ఎత్తుకోవాలని. ఎలక్ట్రీషియన్ అలవాటు కొద్దీ అదే తెచ్చి పెట్టే ప్రమాదముంది. బోరుకు అది సౌకర్యం, రంపానికి అదే యముడు. ఆటో వద్దు అని నోరు తెరిచి చెప్పండి. పని లేనప్పుడు ఫ్యూజు క్యారియర్ పీకి బాబుకు అందని చోట పెట్టించండి, మూత బల్లకు ఆనేదాకా దించి ఉంచమనండి. బాబును షెడ్డులోకి రానివ్వకుండా ఒక గేటు కూడా కావాలి, అది మీ ఆయనే ఒక పూటలో చేయగలడు.

వేలు తెగితే ముందు మెయిన్ ఆపాలి, తర్వాత 108కి ఫోన్. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో పట్టాలి. పసుపు, కాఫీ పొడి పోయొద్దు. తెగిన ముక్కను ఉత్త నీళ్లలో వేయకూడదు, ఐసుకు నేరుగా తగలనివ్వకూడదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు నీళ్లున్న డబ్బాలో పెట్టి మనిషితో పాటే తీసుకుపోవాలి. దారిలో టీ, కాఫీ తాగించొద్దు, ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఒక మందపాటి కవరు, కొత్త గాజుగుడ్డ చుట్ట షెడ్డు గోడకు కట్టి ఉంచండి, ఆ కంగారులో ఇంట్లో ఏదీ కనపడదు.

స్టార్టర్ పెట్టించిన రోజు ఎలక్ట్రీషియన్ వెళ్లకముందే ఒక పరీక్ష చేయించండి. మెషిన్ తిరుగుతుండగా మెయిన్ ఆపించండి, బ్లేడు నిలిచాక పది లెక్కపెట్టి మళ్లీ వేయించండి. బ్లేడు కదలకూడదు. కదిలిందా, డబ్బులివ్వకుండా మళ్లీ విప్పించండి.